నల్ల గాలం

బలరామయ్య మగ్గం గుంట పక్కకు వచ్చి నిలబడేదాకా మారి తల ఎత్తలేదు. పేక నూలు మోస్తూ నాడా అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంది. గళ్ల లుంగీకి ముదురు నీలం అంచు పడే చోటు అది. పేక ఒక్కటి తప్పినా అంచు వంకర పోతుంది. తలుపు దగ్గర రాట్నం మీద కండెలు చుడుతున్న అతని భార్య కోకిల ముందుగా ఆయన చెప్పులు చూసింది. మగ్గమూ ఇల్లూ ఆయనవే కాబట్టి ఆయన చెప్పులు విడిచేవాడు కాదు.

"ఏం మారీ, గాలం వెయ్యడమే మరిచిపోయినావా?"

మారి చెయ్యి ఆగింది. "లేదయ్యా. పని ఎక్కువగా ఉండాది."

"పని యాడికి పోతాది? ఆదివారం చెరువు విడస్తాండా. లారీవాళ్లు పెద్ద వల లాగి పోయినాక మిగిలిందంతా ఊరికి. నువ్వు అందరికంటే ముందు మోటరు కొట్టం పక్కన కూర్చుని గాలం వెయ్యాల."

"ఆడనా అయ్యా?"

"ఆడనే. ఆడ నీళ్లలో పడి సచ్చిన అంతోని దెయ్యమై తిరగతాండాడని ఊరంతా గుసగుసలు. నా చెవిన పడవనుకున్నారా? చెరువు మళ్లీ వేలానికి రాబోతాది. దెయ్యం చెరువని పేరు పడితే నాకు మర్యాదా? నువ్వు ఆడ కూర్చుని నాలుగు జిలేబీ చేపలు లాగినావంటే ఆ మాట అంతటితో పోతాది." బలరామయ్య నవ్వాడు. "నీ వెదురు కట్టె ఇరిగిపోయిందంట గదా. వేలూరికి పోయి మంచిది కొనుక్కో. నా లెక్కలో."

వెళ్లబోతూ కోకిల వైపు తిరిగాడు. "నువ్వూ పోమ్మా. వీడొగడే పోతే అంగడోడు ఏదో ఒగటి అంటగడతాడు. నువ్వే మంచిది చూసి ఏరు."

కోకిల తల ఊపింది. చెరువు లీజుకు తీసుకున్న నాటి నుంచి, నీళ్లలో దారం ముంచిన పిల్లకాయల్ని కూడా కట్టె తీసుకుని తరిమిన మనిషి ఈయన. ఇప్పుడు తన లెక్కలో గాలం కొనిస్తానంటున్నాడు.

మగ్గం మీద పోగు తెగింది. మారి ముడి వేయబోయాడు. నిద్రలో కూడా ముడి వేయగల వేళ్లు, జారిపోయాయి. మళ్లీ జారిపోయాయి. కోకిల చూస్తూ కూర్చుంది. రాట్నం తిప్పడం ఎప్పుడు ఆపిందో ఆమెకే తెలియలేదు.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ లుంగీల మూట తీసుకుని బయలుదేరారు. షేర్ ఆటోలు ఆగే రోడ్డుకు చెరువుకట్ట మీదుగానే దారి. మోటరు కొట్టం నుంచి అవతలి బలరామయ్య కొబ్బరితోటకు, కట్టకు అడ్డంగా తీగలు లాగి ఉన్నాయి. అవి కరెంటు ఆఫీసు వేసిన స్తంభాలు కావు, సరుగుడు కట్టెలు. తోటలో మోటరు ఆడుతున్నంతసేపూ ఆ తీగల్లో కరెంటు ఉంటుంది. కట్ట నడిమిన అవి ఉయ్యాల తాడులా కిందికి జారి ఉంటే, గడ్డిమోపు తలకెత్తుకున్న ఆడవాళ్లు అక్కడికి రాగానే వంగి నడిచేవాళ్లు. సంక్రాంతి వచ్చే తై నెలలో అంతోని చచ్చిపోయిన తర్వాత, జారిన ఆ చోట ఒక కొత్త కట్టె వచ్చి నిలబడింది. దాని బెరడు ఇంకా అక్కడక్కడా పచ్చగానే ఉంది. కట్టె మాత్రం అప్పుడే ఒక పక్కకు ఒరిగింది. తీగలు మళ్లీ జారాయి.

తోటలో మోటరు ఆడుతోంది. మారి కట్ట దిగి ముళ్ల కంపల పక్కన నడిచాడు.

"కట్ట మీద దారి ఉండంగా ముళ్లల్లో ఎందుకు మామా?"

"కట్ట మీద పాములుంటాయి."

"ముళ్లల్లో ఉండవా?"

మారి అడుగు వేగం పెంచాడు. తీగలు దాటిన తర్వాత మళ్లీ కట్ట ఎక్కి ఆమె పక్కన నడిచాడు. కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకోవడానికి కూడా ఆగలేదు.

వేలూరు పాత బస్టాండు దాటి, బజారు పక్క సందులో వలల అంగడి ఉంది. గుమ్మానికి వేలాడదీసిన నైలాన్ వలలు తలకు తగులుతున్నాయి. లోపల రబ్బరు వాసన, పాత ఎర డబ్బాల వాసన కలిసి ఉన్నాయి. అంగడాయన గుణశేఖర్ లావుపాటి మనిషి. "వాంగ, వాంగ" అని అరవంలో పిలిచి, కోకిల మారితో తెలుగులో ఏదో గొణగడం విని మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"మనోళ్లేనా! చెప్పు నాయనా, ఏ నీళ్లకు? ఏటికా, చెరువుకా?"

"చెరువు," అన్నాడు మారి.

"కట్ట మీద కూర్చుని ఏస్తావా, నీళ్లలో దిగి ఏస్తావా? జిలేబీకా, కొరమీనుకా? కొరమీనైతే గట్టిది కావాల. అది గాలం మింగి గడ్డి వేళ్లల్లో దూరతాది. లాగితే నీ భుజమన్నా రావాల, అదన్నా రావాల."

"జిలేబీకే."

గుణశేఖర్ బల్ల మీద గోనెగుడ్డ పరిచి ఒక పసుపు రంగు కట్టె పెట్టాడు. ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాలు అవి. లాగితే పొడుగవుతుంది, తోస్తే చంకలో పట్టేంత అవుతుంది. "ఇది ఫైబర్. బరువు. లారీ ఎక్కినా ఇరగదు. కానీ చేప ముట్టింది చేతికి తెలిసేలోపల ఎర తిని ఇంటికి పోతాది." దాన్ని పక్కకు జరిపి, పై అర మీద నుంచి నల్లది ఒకటి దింపాడు. పంచె కొంగుతో తుడిచి, మొదలు పట్టుకుని ఒక్కొక్క గొట్టం లాగాడు. టక్కు, టక్కు మంటూ అది సాగుతూ అంగడి గుమ్మం దాకా పోయింది. సన్నటి కొన గాలికే వణుకుతోంది. "ఇదీ సరుకంటే. పట్టుకో."

మారి వెనక్కి జరిగాడు. వీపు వలలకు తగిలేదాకా జరిగాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"అది వద్దు."

"ముట్టుకోకుండానే వద్దంటావేందన్నా! పెళ్లిచూపులకు వచ్చి తలుపుకాడ నుంచే పారిపోతాండావే!"

కోకిల చెయ్యి చాచి పట్టుకుంది. అంత పొడుగు కట్టె అరచేతిలో ఉన్నట్టే లేదు. అంతోని దగ్గర ఇలాంటిదే ఉండేది. చెన్నైలో ఉండే తమ్ముడు తెచ్చిచ్చాడని అంతోని చెప్పుకునేవాడు. సాయంత్రాల్లో, బలరామయ్య కంట పడకుండా, కాసేపు మారి చేతికిచ్చేవాడు. ఆ రోజుల్లో మారి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అదే మాట. "ఆకు పట్టుకున్నట్టు ఉంటాది కోకిలా. చేప ఊపిరి తీస్తే చేతికి తెలుస్తాది." అంతోని చచ్చిపోయిన రోజే ఆ గాలమూ కనిపించకుండా పోయింది. నీళ్లలో కొట్టుకుపోయిందన్నాడు మారి. అందరూ సరే అన్నారు.

"నువ్వు ఎప్పుడూ కోరుకునేది ఇదే గదా మామా?"

"బరువుదే మేలు."

గుణశేఖర్ గొంతు తగ్గించాడు. "అమ్మేవాణ్ణి, చెప్పకూడదు. అయినా చెప్తా. ఇది కార్బన్. తడి చేత్తో ఎత్తినప్పుడు దీని కొన కరెంటు తీగెకు తగిలిందంటే, ఆ తీగెను నువ్వు చేత్తో పట్టుకున్నట్టే. మీ చెరువుకాడ తీగెలుంటే..."

"తెలుసు," అన్నాడు మారి.

అన్న తర్వాత, ఆ మాట కిందపడితే ఏరుకుందామన్నట్టు నేల వైపు చూశాడు.

"ఎవురు చెప్పినారు మామా?"

"ఎవురో." మారి పసుపు కట్టె వైపు గడ్డం చూపించాడు. "అదే సుట్టి పెట్టు అన్నా. మూట షావుకారుకిచ్చి వస్తా." లుంగీల మూట భుజానికెత్తుకుని వలలు తోసుకుని వెళ్లిపోయాడు.

కోకిల చేతిలో నల్ల కట్టె అలాగే ఉంది. దాని కొన ఆగకుండా వణుకుతోంది. ముళ్లల్లో నడక, పచ్చి బెరడుతో నిలబడిన కొత్త కట్టె, జారిన ముడి. ఇప్పుడు ఈ 'తెలుసు'. ఆమె ఒక్కొక్క గొట్టమూ లోపలికి తోసి కట్టెను చిన్నది చేసింది.

గుణశేఖర్ పసుపుదాన్ని గోనెలో చుట్టడం మొదలుపెట్టాడు.

"అన్నా, అది కాదు. ఈ నల్లది సుట్టు."

"మీ ఆయన వద్దనె గదమ్మా!"

"మంచిది చూసి ఏరమని నన్ను పంపినారు."

గుణశేఖర్ ఆమె మొహం వంక చూశాడు. "తీగెలుండాయా ఆడ?"

"ఉండాయి. ఆయప్పకు తెలుసు. నువ్వూ ఇన్నావు గదా."

ఆయన పసుపుదాన్ని పక్కన పెట్టాడు. నల్లదాన్నే గోనెలో చుట్టి, రెండు చోట్ల గట్టిగా కట్టాడు. చేతికిస్తూ "జాగ్రత్త తల్లీ" అన్నాడు. నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు గుడియాత్తం బస్సులో కోకిల దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "నేను పట్టుకోనా?" అని మారి అడగలేదు. ఇంటికొచ్చిన తర్వాత విప్పి చూడనూ లేదు. ఆమె దాన్ని దూలం మీద పెడుతుంటే మారి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం కోకిల పక్కింటి పాపాతి దగ్గర కూర్చుంది. అంతోని పెళ్లాం పాపాతి. చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తడిపిన ఆకును రేకు కొలతకు కత్తిరించి, పొగాకు పోసి, బొటనవేలితో ఒక్క తోపు తోసి, కొన మడిచి దారం చుట్టేది. చూపు చాట మీద ఉండేది కాదు. వేళ్లే చూసుకునేవి.

"రేపు చెరువుకు వస్తావా అక్కా?"

"రాకుండా? నా మొగుణ్ణి తినిన చేపలు, నేను తినకుంటే ఎట్ల?" పాపాతి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. "చర్చిలో నా పక్కన కూర్చునేదానికి కూడా జరగతారు కోకిలా. తాగి పడి సచ్చినోడి పెండ్లాం గదా. పాపకు చర్చిలో మొదటి సత్‌ప్రసాదం ఇచ్చిన పొద్దు తాగుడు మానేసినాడు. ఆ తర్వాత ముట్టలేదు. ఇంటికి మోసుకొచ్చి పడుకోబెట్టినప్పుడు నేను నోరు వాసన చూసినా. నాచు వాసన. అంతే."

"ఆ మాట ఎవురికన్నా చెప్పినావా?"

"చెప్పినా. మొగుడు పోయినామె ముక్కు ఎవురు నమ్ముతారు?" దారం కొరికి తెంచింది. "కుడి అరచెయ్యి చర్మం ఉబ్బి, నడిమిన కాలినట్టు గీత ఉండె. ఏంది ఇది అంటే, నీళ్లలో నానిందన్నారు."

"పోలీసుకాడికి పోయింటే?"

"కోస్తారన్నారు. 'నిలువునా కోసి గుడ్డలో సుట్టి ఇస్తారు పాపాతీ, అట్ల చూస్తావా నీ మొగుణ్ణి?' అనె బలరామయ్య. నాకు గుండె ఆగినంత పనైంది. పొద్దు గుంకేలోపల పూడ్చేసినాం." ఆమె వేళ్లు మొదటిసారి ఆగాయి. "తాగినాడని ముందు చెప్పింది ఎవురనుకున్నావు? మారినే. ఆ పొద్దు పక్కన ఉండింది ఆయప్పొగడే గదా. నీ మొగుణ్ణి తప్పు పట్టలే కోకిలా. అన్నా అన్నా అని తిరిగినోడు అబద్ధం ఎందుకు చెప్తాడు? ఊరంతా అదే అనె. నాగ్గూడా ఒగోసారి అనిపిస్తాది, నా ముక్కే తప్పేమో అని."

మళ్లీ ఆకు తీసుకుంది. ఈసారి కత్తెర కొలత దాటి పోయింది. ఆ ఆకును పక్కన పడేసింది.

కోకిల ఇంటికొచ్చేసరికి మారి మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. నేత సాగడం లేదు. కాళ్లు తొక్కుడు కట్టెల మీద ఊరికే ఉన్నాయి.

"మామా, అంతోనన్న పోయిన పొద్దు తోటలో మోటరు ఆడతాండిందా?"

మారి అంచు మీది పోగొకటి సర్దాడు.

"ఈ మగ్గం ఎవురిది? నువ్వు ఆనుకున్న గోడ ఎవురిది?"

"నేను అడిగింది మోటరు సంగతి."

"నేను చెప్తే ఆయన లేచొస్తాడా?" మారి నాడా చేతిలోకి తీసుకున్నాడు. "ఆదివారం అయిపోనీ కోకిలా. ఒగ దినం. ఫైబర్ కట్టెతో నేను కూర్చుంటే ఏమీ కాదు."

"నీకు కాదు. ఊరోళ్లకు? ఎవురన్నా ఇంకో నల్లది తెస్తే? వల కట్టిన ఇనప కడ్డీ ఎత్తితే?"

"ఆడికి ఎవురూ రారు. దెయ్యమని భయం."

"ఆ భయం పోగొట్టేదానికే గదా నిన్ను ఆడ కూర్చోబెట్టేది?"

మారి నోరు కొంచెం తెరుచుకుంది. ఇన్నాళ్లూ అతను ఆ మాట దాకా ఆలోచించలేదని కోకిలకు తెలిసింది. అతను ఏదైనా అంటాడేమోనని రాట్నం దగ్గర కాచుకుని కూర్చుంది. కాసేపటికి నాడా మళ్లీ పరుగెత్తడం మొదలైంది. అంచు వంకర పోతోంది. అతను విప్పలేదు, ఆపలేదు.

ఆదివారం ఎండెక్కకముందే ఊరంతా కట్ట మీద ఉంది. లారీ వెళ్లిపోయింది. చెరువు అడుగున మోకాలి లోతు నీళ్లు, చుట్టూ నల్లటి బురద, బురద నిండా కొంగలు. ఆడవాళ్లు తట్టలు, పాత చీరలు, మగవాళ్లు వెదురు ఊతలు, ఇనప కడ్డీలకు కట్టిన వలలు పట్టుకుని నిలబడ్డారు. బలరామయ్య తెల్ల తుండుగుడ్డ ఊపేదాకా ఎవరూ దిగకూడదు. అది ఎప్పటి నుంచో వస్తున్న కట్టుబాటు. మోటరు కొట్టం చుట్టూ మాత్రం ఎవరూ నిలబడలేదు. అక్కడ జారిన తీగలు, వాటి కింద ఖాళీ నేల. బలరామయ్య కుర్చీ కొట్టం నీడలో ఉంది.

కొబ్బరితోటలో మోటరు ఆడుతూనే ఉంది.

"రా మారీ, రా!" అన్నాడు బలరామయ్య అందరికీ వినపడేలా. "దెయ్యం పట్టుకుంటే నేనుండా!"

నవ్వులు లేచాయి. మారి ఖాళీ నేల మీదికి వచ్చాడు. అతన్ని చూసి ఇద్దరు ముగ్గురు అడుగు ముందుకు వేశారు. ఆ వెనకే ఇంకొందరు. తట్ట చంకన పెట్టుకుని పాపాతి కూడా వచ్చింది. కోకిల గోనె చుట్ట తీసుకొచ్చి మారి చేతుల్లో పెట్టింది.

చేతుల్లోకి రాగానే అతని మొహం మారింది. విప్పాల్సిన పని లేకుండానే, బరువు చెప్పేసింది. అతను కోకిల కళ్లలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"విప్పప్పా, కొత్త గాలం ఎట్లుండాదో చూస్తాం!" గుంపులో ఎవరో అరిచారు. మారి కదలకపోతే కోకిలే కట్లు విప్పింది. గోనె జారింది. ఎండలో నల్ల కట్టె మెరిసింది.

బలరామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఇది ఎవురు తెమ్మన్నారు?"

"నేనే ఏరినా అయ్యా. మంచిది చూసి ఏరమని మీరే గదా అన్నింది? బాగలేదా?"

"బాగుండాది, బాగుండాది. ఈడ వద్దులే, కిందికి దిగి ఏసుకోమను."

"మోటరు కొట్టం పక్కనే ఏయమన్నారు గదయ్యా?" కోకిల ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడింది లేదు. ఆ గొంతు విని పాపాతి తట్ట దించింది. "నువ్వు ఏయవా మామా? సరే, నేను ఏస్తా."

అతని చేతుల్లోంచి కట్టె తీసుకుని నేల మీద కూర్చుంది. మొదలు మోకాళ్ల మధ్య పెట్టుకుని, నేల మీద పొడుగునా ఒక్కొక్క గొట్టం లాగింది. టక్కు. గుంపులో ఎవరో ఈల వేశారు. టక్కు. బలరామయ్య లేచి నిలబడ్డాడు కానీ ముందుకు రాలేదు. టక్కు. ఆఖరి గొట్టం సన్నటి పుల్లలా బయటికొచ్చి మట్టిలో ఆనింది. కోకిల కొంగుతో చెయ్యి తుడుచుకుంది. చెమట పోలేదు. మొదలు పట్టుకుని లేచింది. కొన ఇంకా నేల మీదే ఉంది. ఆమె మారి వైపు చూసింది. అతని పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఇక రాదేమో అనుకుంది.

కొన మట్టి నుంచి లేచింది.

"ఎత్తద్దు!" మారి అరుపుకు కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. "తీగెలో కరెంటుండాది! ఎత్తద్దు కోకిలా! అంతోనన్న అట్లనే..."

అక్కడ ఆగిపోయాడు. కోకిల కొనను మట్టిలోకి దించి, కట్టెను కాళ్ల దగ్గర పెట్టేసింది. మారి కాళ్ల దగ్గరే కూర్చుండిపోయింది.

మోటరు ఒక్కటే ఆడుతోంది. బలరామయ్య చేతిలో తుండుగుడ్డ వేలాడుతోంది. "వీడికి ఎండ దెబ్బ కొట్టినట్టుండాది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పాపాతి నడిచి వచ్చింది. నేల మీది నల్ల కట్టెను చూసింది. కొత్త సరుగుడు కట్టెను, దాని పక్కన జారిన తీగను చూసింది. మారి ముందు నిలబడి, కుడి అరచెయ్యి చీర కుచ్చిళ్లకు మెల్లగా రాసుకుంది.

"మారీ, ఆ పొద్దు కూడా ఇట్ల అరిచినావా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మారి ఒకసారి బలరామయ్య వైపు చూశాడు. కట్ట దిగువన కనిపించే తన ఇంటి కప్పు వైపు చూశాడు. కాళ్ల దగ్గర కూర్చుని ఉన్న కోకిలను చూశాడు.

"లేదక్కా," అన్నాడు. "అరవలేదు. ఆయప్ప తాగనూ లేదు."

తీగల కింద దాకా వచ్చినవాళ్లు ఒక్కొక్కరే తలెత్తి పైకి చూశారు. తర్వాత, చేతుల్లోని ఇనప కడ్డీలను మెల్లగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టడం మొదలుపెట్టారు.